మూడు బావులు, ఖాదర్ సారు

మొన్న మా ఇంటి పక్క జాగాలో పునాది తవ్వారు. నిలువెత్తు లోతు నుంచి బూడిద రంగు మన్ను పైకి వచ్చింది. తెల్లవారి వాన కురిసింది. ఆ కుప్ప నుంచి ఒక వాసన లేచింది. తడిసిన బూడిద, పాత కుండపెంకు, ఎప్పుడో ఆరిపోయిన పొయ్యి, అన్నీ కలిసిన వాసన. కుమ్మరి ఇంట పుట్టినదాన్ని, మన్ను వాసనలు నాకు వేరువేరుగా తెలుసు. ఇది చెరువు మన్ను కాదు, చేను మన్ను కాదు. మనుషులు కాపురాలు చేసి వదిలిపోయిన మన్ను. అది ముక్కుకు తగలగానే ఖాదర్ సారు గుర్తుకు వచ్చారు. ఆయన్ని మీరెవరూ చూడలేదు. చూసినవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలి ఉంటాను. అందుకే రాస్తున్నాను. రాయడం నేర్పింది కూడా ఆయనే.

మా ఊరు కరీంనగర్‌కు ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం. ఊరి బయట పాటిగడ్డ ఉండేది. ఏ కాలపు ఊరో కూలిపోయి గడ్డ కట్టింది, మీద తుమ్మలు మొలిచాయి. ఎండాకాలం రైతులు ఆ పాటిమన్నును తవ్వి ఎరువుగా చేలకు తోలుకునేవాళ్లు. నేనూ మాదిగవాడ మల్లక్కా తట్టలు మోసే కూలికి పోయేవాళ్లం. ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త. నాకు ముప్పై దాటాయి, ఒక్క అక్షరం రాదు. ఖాదర్ సారు అప్పుడే మా ఊరి బడికి వచ్చారు. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్న మనిషి. సర్కారు మారి తెలుగులో పాఠం చెప్పమంటే, నలభై ఏళ్ల వయసులో పిల్లల వాచకం ముందు పెట్టుకుని తెలుగు అక్షరాలు నేర్చుకున్నారు. ఆ సంగతి ఆయన ఎవరి దగ్గరా దాచలేదు.

ఒకనాడు గడ్డపార దెబ్బకు గుండ్రటి మట్టి ఒర ఒకటి బయటపడింది. దాని కింద ఇంకొకటి, ఆ కింద మరొకటి. ఒరలు పేర్చి కట్టిన బావి. రైతు మళ్లీ గడ్డపార ఎత్తేసరికి, గడ్డ మీద పెంకులు ఏరుకుంటున్న సారు గబగబా దిగి వచ్చారు.

"జర ఆగుండ్రి. పలగ్గొట్టకుండ్రి."

"పాత పెంకులకు గింత పరేషాన్ ఏంది సారూ," అని రైతు నవ్వాడు గాని, గడ్డపార దించాడు.

సారు నన్ను పిలిచారు. "లచ్చవ్వా, కుమ్మరిదానివి గదా. గిది ఎట్ల చేసిండ్రో చెప్పు."

మా కులంలో ఆడవాళ్లు చక్రం ముట్టరు. నీళ్లు పోసుకునే పెద్ద గోలేలు చేత్తో పెట్టేది మాత్రం మేమే. ఒర లోపలి వైపు తడిమితే వేళ్లతో అదిమిన గుంటలు తగిలాయి. నా వేళ్లు వాటిలో సరిగ్గా కూర్చున్నాయి.

"చేత్తోని పెట్టింది సారూ. నా లెక్కనే ఎవతో."

"ఒక్కతే చెయ్యగలదా?"

"ఎట్ల చేస్తది? మన్ను తెచ్చేటోళ్లు గావాలె, కట్టె కొట్టేటోళ్లు గావాలె. కాల్చినంక మోసేటోళ్లు, బాయి తవ్వేటోళ్లు. నడుమ ఒక్కడు రాలేదంటే పని ఆగుతది."

"గంతే. ఊరంటే గదే," అన్నారు సారు. అక్కడే తుమ్మ నీడలో కూర్చోబెట్టి ఏదేదో చెప్పారు. మనుషులు ముందు నీళ్ల ఒడ్డున ఆగారట. పంట తిన్నంక మిగిలిందట. మిగిలినదానికి కాపలావాడు కావాల్సి వచ్చాడు, తర్వాత పంచేవాడు, ఆ తర్వాత ఎవరు ఎంత ఇచ్చారో రాసేవాడు.

"అంటే రాసేటోడు ఆఖరుకు వచ్చి అందరి మీద కూసున్నడన్నట్టు," అన్నాను నేను.

సారు పగలబడి నవ్వారు. మల్లక్క నవ్వలేదు. "గీ బాయిల నీళ్లు అందరు తోడుకున్నరా సారూ? మా అసొంటోళ్లు సుత?" అని అడిగింది.

సారు నవ్వు ఆపారు. "గది మన్ను చెప్తలేదు మల్లక్కా."

"మన్ను చెప్తలేదా, మీకు తెల్వదా?"

"నాకే తెల్వదు."

చదువుకున్న మనిషి తెలియదని ఒప్పుకోవడం నేను అప్పుడే మొదటిసారి విన్నాను.

ఆ తర్వాత మా ఊరికి పంచాయతీ వచ్చింది. ఆడవాళ్ల సీటు ఒకటి ఉంటే అందులో నన్ను కూర్చోబెట్టారు. సర్పంచయిన పటేలుకు కావాల్సింది నోరెత్తని మనిషి. నాకు నోరు ఉన్నది, అక్షరం లేదు. అక్షరం లేకపోతే నోరున్నా పనికిరాదని ఆయనకు నాకంటే బాగా తెలుసు. సర్కారు ఒక బావి ఇచ్చింది. మాదిగవాడలో తవ్విద్దామని కూటంలో అందరం అనుకున్నాం. వాడవాళ్లు వాగులో చెలిమె తోడుకుని తాగేవాళ్లు, ఎండాకాలం అదీ ఎండేది. వారం తర్వాత గుమస్తా కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నా చేతులు మన్నులో ఉన్నాయి. "మొన్న అనుకున్నదే," అన్నాడు. బొటనవేలు కడుక్కుని ముద్ర వేశాను.

బావి పటేలు పశువుల కొట్టం వెనుక తవ్వారు.

మల్లక్క మా వాకిట్లోకి వచ్చి నిలబడింది. కోపంగా అంటే బాగుండేది. మెల్లగా అన్నది. "నీ వేలు సుత ఉన్నదట గదా లచ్చవ్వా."

నేను సారు దగ్గరకు పరుగెత్తాను. ఆ కాగితం ఎట్లాగైనా తెప్పించి చదవమన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"నేను చదివితె గీ ఒక్క కాగితం తెలుస్తది. రేపటిదో?"

"ముప్పై ఏండ్లు దాటినయి సారూ. ఇగ నాకేం వస్తది?"

"నాకు నలభై ఏండ్లకు వచ్చింది. నువ్వు నాకంటె చిన్నదానివే."

రోజూ మధ్యాహ్నం తిన్నాక బడి వరండాలో కూర్చునేదాన్ని. పలక మీద గీత వంకర పోతే ఆయన కోప్పడేవారు కాదు. "కుండ మూతి ఎట్ల తిప్పుతవో గట్ల తిప్పు," అనేవారు. ఆరు నెలలు పట్టింది. ఇంటాయన ఎగతాళి చేశాడు, తోటికోడళ్లు అంతకంటే ఎక్కువ చేశారు.

బావి పని అయిపోయిందని సంతకాలు తీసుకోవడానికి సమితి ఓవర్సీరు వచ్చాడు. గుమస్తా సిరా దిమ్మ నా ముందుకు జరిపాడు. నేను కలం అడిగాను.

"కుండలు చేసుకునేదానివి, నీకెందుకే గీ రాతలు," అన్నాడు పటేలు.

"కుండ అయినా పగులు సూసుకునే అమ్ముత పటేలా," అన్నాను.

రాయడానికి చాలాసేపు పట్టింది. ఓవర్సీరు పుస్తకం తన వైపు తిప్పుకుని పైకి చదివాడు. 'ఈ బావి మాదిగవాడకు అనుకున్నది. పటేలు కొట్టం వెనుక తవ్వినారు. నేను చదవక వేలు వేసినాను. తప్పు నాది కూడా.' పుస్తకం మూసి, చంకలో పెట్టుకుని పోయాడు.

రెండు నెలల్లో సారును ఆదిలాబాద్ జిల్లాకు, కాగజ్‌నగర్ అవతల ఒక పల్లెకు బదిలీ చేశారు. సామాను బండికి ఎత్తుతుంటే, నాకు రాత నేర్పినందుకే గదా అన్నాను. "ఫికర్ చెయ్యకు. గక్కడ సుత బడి ఉన్నది. ఉత్తరం రాయి," అన్నారు. ఆయన ముఖం మాత్రం చిన్నబోయింది. ఆయన భార్యకు ఆరోగ్యం బాగుండేది కాదు, కరీంనగర్ ఆసుపత్రి దూరమవుతుంది. ఆ మాట నాకు ఆయన చెప్పలేదు, తర్వాత తెలిసింది.

మరుసటి ఎండాకాలం వాడకు బావి వచ్చింది. నా రాత వల్లనో, ఎన్నికలు దగ్గరపడ్డందువల్లనో నాకు తెలియదు. మొదటి బొక్కెన పైకి వచ్చిన రోజు నన్నూ పిలిచారు. మల్లక్క చెంబు నింపి అందరికంటే ముందు నాకు చాచింది. అందరూ చూస్తున్నారు. ఆమె ఇంట్లో కుండ నేను చేసిందే. ఆ కుండ నా వాకిలి దాటి ఆమె వాకిట్లోకి పోయాక, అందులో నీళ్లు మా కులంవాళ్లకు పనికిరాకుండా పోయేవి. నా చెయ్యి లేవలేదు. "ఇప్పుడే తాగి వచ్చిన మల్లక్కా," అన్నాను. ఆమె చెంబు పక్కవాళ్లకు ఇచ్చింది.

సారుకు కార్డు రాశాను. బావి ఎంత లోతు, ఎన్ని వరసల రాయి కట్టారు, పటేలు ముఖం ఎట్లా పెట్టాడు, అన్నీ రాశాను. పదిహేను రోజులకు జవాబు వచ్చింది. పిల్లల చేతిరాతలా గుండ్రటి అక్షరాలు. 'బావి అయినందుకు సంతోషం. నీళ్లు తియ్యగా ఉన్నాయో, ఉప్పగా ఉన్నాయో రాయలేదు.'

ఆ కార్డును బియ్యం కుండ మీద పెట్టి మూడు రోజులు దాని చుట్టూ తిరిగాను. నాలుగో నాడు వాడకు పోయాను. మల్లక్క బావి దగ్గరే ఉన్నది.

"జర నీళ్లియ్యి," అన్నాను.

"ఇన్ని దినాలకు దూపయిందా లచ్చవ్వా?"

"అయింది."

ఆమె నా కళ్లలోకి చూసి చెంబు ఇచ్చింది. పైనుంచి పోసుకోకుండా, అంచుకు నోరు పెట్టి తాగాను. 'నీళ్లు తియ్యగానే ఉన్నాయి సారూ, నేను ఆలస్యంగా తాగినాను,' అని ఆ సాయంత్రం కార్డు రాశాను. దానికి జవాబు రాలేదు. అవసరం లేదనుకున్నారేమో.

ఇప్పటికీ పంచాయతీ మనుషులు ఎవరైనా వచ్చి, ఫలానా వాడకు ఇది చేశాం, అది చేశాం అని నా ముందు కాగితం చదివితే, చివరిదాకా వింటాను. విని, "గక్కడ నీళ్లు తాగినవా బిడ్డా?" అని అడుగుతాను. చాలామంది మాట మారుస్తారు. సారు అడిగినప్పుడు నేనూ మూడు రోజులు తప్పించుకున్నదాన్ని కాబట్టి వాళ్లను తిట్టను. మళ్లీ అడుగుతాను.