చెయ్యెత్తని పిల్ల

నిన్న పెరట్లో దొండకాయలు కోస్తుంటే ఆకు నలిగి వేళ్ళకు పసరంటింది. ఆ పచ్చి వాసనకు ఉదయగిరిలో నేను చదివిన ఎలిమెంటరీ స్కూలు కళ్ళ ముందుకొచ్చింది. అప్పట్లో మా చెక్క పలకలు నల్లగా ఉండడానికి వాటికి బొగ్గుపొడి, దొండాకు పసరు కలిపి రుద్దేవాళ్ళం. ఆ వాసనతో పాటే మా లెక్కల మాస్టారు యోబుగారూ వచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. బెత్తం ఉండేది గానీ, దానితో మ్యాపులో ఊళ్ళు చూపించడమే తప్ప ఎవరినీ కొట్టిన గుర్తు లేదు.

ఏటా ఒకసారి ఇన్‌స్పెక్టరు వచ్చి, ఐదో తరగతిలో తెలివైన బిడ్డను ఒక్కరిని ఏరి ఆత్మకూరు హైస్కూలుకు పేరు రాసేవాడు. చదువూ, హాస్టల్లో తిండీ ఉచితం. ఆయన పరీక్ష ఒకటే. నోటి లెక్క అడుగుతాడు, ముందు చెయ్యెత్తినవాడు తెలివైనవాడు. మా క్లాసులో ఆ చెయ్యి ఎప్పుడూ కొట్టు శెట్టిగారబ్బాయి రంగడిదే. లెక్క సగంలో ఉండగానే లేచేది మహానుభావుడి చెయ్యి! నేనేమో జవాబు తెలిసినా నోరు విప్పేదాన్ని కాదు. అందరూ నన్ను మొద్దు కింద జమకట్టారు. నిజం చెప్పొద్దూ, నేనూ నమ్మేశాను.

మాస్టారు మాత్రం నా పలక చూస్తుండేవారు. ఒక సాయంత్రం నేరుగా మా ఇంటికొచ్చారు. నాయన చెక్క గరిటెలు చేసేవాడు. అప్పుడే ఒక కొత్త ముక్క తీసుకుని, ఇటు తిప్పి అటు తిప్పి చూస్తున్నాడు. ఎంతసేపటికీ ఉలి ఆనించలేదు.

"ఏందబ్బా, ఇంతసేపు చూస్తుండావు?" అన్నారు మాస్టారు.

"చెక్కినాక మళ్ళీ అతికేదుండాదా అయ్యా? పగులు యాడుండాదో చూడకుండా ఉలి పెట్టొద్దని బిడ్డలక్కూడా చెప్పినాను."

మాస్టారు నా వైపు తిరిగి నవ్వారు. "అదా సంగతి! నీకు లెక్కలు రాక కాదు, పగులు ఎతుకుతుండావు."

నాకు ఏడుపొచ్చింది. నేను మొద్దును కానని చెప్పిన మొదటి మనిషి ఆయన.

ఆ ఏడు ఇన్‌స్పెక్టరు వచ్చి కూర్చోగానే మాస్టారు చేతులు కట్టుకుని, "అయ్యా, ఈసారి పిల్లలు చేతులెత్తరు. పలకల మీద రాసి బోర్లిస్తారు. అందరూ రాసినాక చూడండి" అన్నారు.

"పద్ధతి మార్చడానికి నువ్వెవరయ్యా?" అని ఆయన కసురుకున్నాడు.

"ఈ ఒక్కసారికి కానీండయ్యా."

సణుగుతూనే ఐదు లెక్కలు చదివాడు. మొదటి నాలుగూ రంగడివీ ఒప్పే, నావీ ఒప్పే. ఐదోది చెరువు లెక్క. "చెరువుకు రెండు తూములు. పెద్ద తూము తెరిస్తే నాలుగు రోజుల్లో ఖాళీ అవుతుంది. రెండూ తెరిస్తే ఎన్ని రోజులు?" రంగడు రెండు రోజులని రాసి టపీమని పలక బోర్లించాడు. నా పలక మీద ఐదో జవాబే లేదు.

"ఇదెందుకు రాయలేదు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆత్మకూరు పోయినట్టేననుకున్నాను. మాస్టారు అందించలేదు, సైగా చెయ్యలేదు. కిటికీలోంచి కొండకేసి చూస్తూ నిలబడ్డారు. చివరికి ఎలాగో అన్నాను: "చిన్న తూములో నీళ్ళు ఎంత పోతాయో మీరు చెప్పలేదు సార్."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని కాగితం చూసుకున్నాడు. ఒక వరుస చదవకుండా దాటేశాడు! చెవులు ఎర్రబడ్డాయి. పాపం, మంచివాడే. ఆత్మకూరుకు నా పేరే రాశాడు. దాని కిందనే, ఈ ఉపాధ్యాయుడు తనిఖీ పద్ధతిని ధిక్కరించాడని కూడా రాశాడు. నెల తిరక్కుండా మాస్టారును మారుమూల సీతారామపురానికి బదిలీ చేశారు.

బస్సు దగ్గర వెక్కివెక్కి ఏడ్చాను. "నా వల్లే గదా సార్?"

"పిచ్చిదానా! నేను పోయేది సీతారామపురానికి, నువ్వు పోయేది ఆత్మకూరుకి. లాభం ఎవురికో నిదానంగా ఆలోచించి చెప్పు" అని బస్సెక్కారు.

ఆయన్ని మళ్ళీ చూడలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది. నేనూ పంతులమ్మనై ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పాను. ప్రశ్న అడిగాక, ముందు లేచిన చేతుల వైపు చూడకుండా మనసులో ఇరవై దాకా లెక్కపెట్టేదాన్ని. ఒక్కోసారి పద్దెనిమిది దగ్గర, పంతొమ్మిది దగ్గర, వెనక బెంచీలో ఒక చెయ్యి భయంభయంగా భుజం దాకా లేచేది. ఆ పిల్లల పేర్లన్నీ నాకు గుర్తే.