గీత తొక్కిన కాలు

బెజవాడ పటమటలో మా పక్క ఫ్లాటువాళ్ళు ఎండురొయ్యలు వేయిస్తే, తలుపులన్నీ మూసినా ఆ వాసన వంటింటి కిటికీలోంచి దూరి నన్ను కొల్లేటి ఒడ్డున మా పాత వాకిట్లో నిలబెడుతుంది. అక్కడ పరిచిన టార్పాలిన్ పట్టాల మీద చేపలు ఆరేవి, నాయనమ్మ చుట్ట కాలుస్తూ కాకుల్ని తోలేది, చేపల వ్యాపారం చేసే నాన్న ఐసుపెట్టెలతో బెజవాడ వెళ్ళివచ్చేవాడు, ఎండ దిగగానే మేం ఆడపిల్లలం బొగ్గుతో గీతలు గీసి తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం.

ఆ ఆటలో నన్ను మించినవాళ్ళు లేరు. నా తొమ్మిదో ఏట, వానలు వెనకబట్టే రోజుల్లో, నా కాలు గీతల మీద పడటం మొదలైంది. "తాగినోళ్ళలా తూలతందే ఇది!" అని పిల్లలు నవ్వితే సిగ్గేసి ఆట మానేశాను. రోజూ లేస్తూనే తలనొప్పి, వెంటనే వాంతి, మధ్యాహ్నానికి మామూలైపోయేదాన్ని. అట్లతద్దినాడు చీకటితోనే అమ్మ పెట్టిన పెరుగన్నం, గోంగూర పచ్చడి పట్టుపరికిణీ మీదే కక్కుకుంటే, నాన్న నలుగురి ముందూ చెంప పగలగొట్టాడు.

"బడికెళ్ళమంటే వాంతులు, పండగ పూటా వాంతులు! ఏంటే ఈ వేషాలు?"

తర్వాత అక్షరాలు రెండేసిగా కనబడుతున్నాయంటే, కళ్ళజోడు కోసం బెజవాడలో కంటి డాక్టరుకి చూపించాడు. ఆయన నా కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూశాడు.

"అద్దాలతో పోయేది కాదండీ. కంటి వెనక నరం వాచింది. ఇవాళే మెదడు స్కాన్ తీయించండి."

చిన్నమెదడులో గడ్డ. పిల్లల్లో అరుదుగా వచ్చే రకమని, వెంటనే తీసేయాలని ఆపరేషన్ చేసే డాక్టరు చెబుతుంటే నాన్న అడ్డొచ్చాడు.

"నేను కొట్టానండీ... దాని మూలానా?"

"కాదండీ. దెబ్బలకి వచ్చేది కాదిది."

అయినా నాన్న తలెత్తలేదు.

ఆపరేషన్ అయ్యాక గుండుతో, గోడ పట్టుకుని మళ్ళీ నడక నేర్చుకున్నాను. వారాల తరబడి రేడియేషన్ పెట్టారు. ఆ రోజుల్లో నేను పక్క తడిపితే నాన్నే బట్టలు మార్చేవాడు. నేను నా సిగ్గుతో కళ్ళు మూసుకునేదాన్ని, ఆయన తన సిగ్గుతో గోడకేసి చూసేవాడు.

ఆ గడ్డ మళ్ళీ రాలేదు. వాకిలి ఉన్నచోట ఇప్పుడు చేపల చెరువు, నాయనమ్మ లేదు, నా తల వెనక జుట్టు మొలవని చోటుంది. తమ్ముడి మీద నాన్న కేకలు వాడు పెద్దయ్యేదాకా వీధంతా వినబడ్డాయి. నన్ను మాత్రం ఆ తర్వాత ఒక్క మాట అనలేదు. తమ్ముడిలా నేనూ తిట్లు తినాలని ఎంత ఆశపడ్డానో ఆయనకు ఎన్నడూ చెప్పలేకపోయాను.

నాన్న ఇప్పుడు నా దగ్గరే ఉంటున్నాడు. ఇవాళ పొద్దున బెండకాయ కూర మాడ్చేశాను. ఆయన ఏమీ అనకుండా, మాడిన ముక్కలన్నీ తన కంచంలోకి ఏరుకుని తినేశాడు.