ఉరికితే కండ కరుగుతదన్నారు

మా తాలీంలో పరుగన్నమాటే వినపడకూడదు. తాలీమంటే మా మంచిర్యాలలో మట్టి గోదా ఉన్న చిన్న రేకుల షెడ్డు. అందులో దండీలు, బైఠక్‌లు తీసేవాళ్లం, కుస్తీ పట్టేవాళ్లం. "ఉరికితే కండ కరుగుతదిరా, నువ్వేమన్న గుర్రానివా?" అనేవాడు మా ఉస్తాద్. నాకు ఆ మాటే వేదం. కళ్లముందే బస్సు కదిలిపోతున్నా ఉరికేవాణ్ని కాదు, ఇంకోటి రాదా అని దర్జాగా నిలబడేవాణ్ని.

తర్వాత సిమెంట్ దుకాణం పెట్టుకున్నాను. యాభై దాటాక కూడా బస్తా భుజాన వేసుకుని మెట్లెక్కితే కూలీలు నోరెళ్లబెట్టేవాళ్లు. నా గుండెకేం తక్కువని విర్రవీగాను.

మా బిడ్డ కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నప్పుడు నా బండారం బయటపడింది. రాత పరీక్ష గట్టెక్కింది, ఇక పరుగులో నెగ్గాలి. తెల్లవారకముందే కాలేజీ గ్రౌండుకు ఒక్కతే పోతానంటే ఒప్పుకుంటానా? తోడు వెళ్లాను. మొదట్లో గట్టుమీద కూర్చునేవాణ్ని. నా ఈడువాళ్లు, బొజ్జలున్నవాళ్లు కూడా, గ్రౌండు చుట్టూ ఉరుకుతుంటే నాకు రోషం వచ్చింది. చెప్పులు విడిచి దిగాను. సగం చుట్టు కాలేదు, ఛాతీ బిగుసుకుపోయింది, కళ్లు బైర్లు కమ్మాయి. ముందున్న బిడ్డ వెనక్కి ఉరికొచ్చింది.

"బాపూ! ఏమైంది? కూసో, జర నీళ్లు తాగు!"

కరీంనగర్ తీసుకెళ్లింది. డాక్టరు పరీక్షలన్నీ చూసి, బీపీని ఏండ్లకేండ్లు పట్టించుకోక గుండె గోడ మందమైందన్నాడు.

"నేను పహిల్వాన్ని సార్," అన్నాను, అదేదో మందైనట్టు.

"బరువులెత్తుడు మంచిదే. గని నువ్వు గదొక్కటే చేసినవు. ఊపిరి బిగబట్టి ఎత్తినప్పుడల్లా బీపీ పైకి లేస్తది. నడక, ఉరుకుడు వేరే. తక్కువ కొట్టుకుని ఎక్కువ రక్తం తోడుడు గుండె వాటితోనే నేర్చుకుంటది. గోళీలు వేసుకో, నిమ్మళంగ నడువు. ఇప్పుడైతే ఉరుకకు."

నడవమన్నప్పుడు నడిస్తే పోయేది. నా మొండితనం ఊరుకుంటుందా? బిడ్డ ముందు పరువొకటి! గోళీ మింగి, ఆమె వెనకాలే దబదబా ఉరికేవాణ్ని. "వద్దు బాపూ, నీకు దండం పెడుత" అని బతిమాలేది. వినలేదు. ఇక చేసేదిలేక, ప్రతి మలుపులో తల తిప్పి, నేను పడిపోలేదని చూసుకున్నాకే ముందుకు సాగేది. నా మీద ఎంత పావురమో, ఎంత ప్రేమో అని మురిసిపోయాను. ఛీ, ఎంత గుడ్డివాణ్ని!

పరుగు పరీక్ష రోజున తోడొచ్చిన మమ్మల్నెవ్వరినీ లోపలికి రానివ్వలేదు. గేటు బయట నిలబడ్డాను. ఆమె బయటికొస్తుంటే మొహం చూడగానే నాకర్థమైంది. రెప్పపాటు ఆలస్యానికి ఉద్యోగం చేజారింది.

"అంత మంచిగ ఉరుకుతుంటివి గదనే. ఏమైంది బిడ్డా?"

చున్నీతో మొహం తుడుచుకుంది.

"నువ్వు లోపల లేవని తెలుసు బాపూ. అయినా ఆఖరి మలుపుల ఎనుకకు తిరిగి చూసిన."