రెండు మూరల సున్నం

మా బడి వరండా గోడ మీద రెండు వేల ఏళ్ల చరిత్ర ఉండేది. మూరకి వందేళ్లు. మూర అంటే పెయింటర్ చేతి మూర. ఆయన మోచేతి నుంచి నడివేలి కొస దాకా ఒక శతాబ్దం. ఆయనది వైజాగ్ వన్‌టౌన్‌లో మూడు తరాలుగా బోర్డులు రాస్తున్న ముస్లిం కుటుంబం. కూతురు మా బడిలోనే, ఫీజు రాయితీ మీద, ఎనిమిదో తరగతి. నేను సోషల్ మాస్టర్ని, ఆ అమ్మాయి క్లాస్ టీచర్ని కూడా. పిల్లలు ఆ గోడని చదవడం నేనెప్పుడూ చూడలేదు. ఎక్కువగా దాన్ని ఆనుకుని నిలబడేవారు.

కిందటేడు కొత్త పుస్తకాలొచ్చాయి. పాతవాటికంటే పల్చగా ఉన్నందుకు పిల్లలు సంతోషించారు. పుస్తకంలో లేనిది గోడ మీద దేనికని కరస్పాండెంటుగారు అడిగారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి, స్టీల్ ప్లాంటుకి సామాన్లు సప్లై చేసి, తర్వాత విద్యాసేవలోకి దిగిన మనిషి. ఎవరో పెద్దమనుషులు టీకి వచ్చారట. టీ బాగానే ఉందిగానీ, గోల్కొండ నవాబులూ మొఘలాయీలూ వాళ్లకి రుచించలేదట. చెరిపించమన్నారు. అలాగేనండి అన్నాను. చరిత్ర చెప్పేవాడికి ధైర్యం ఉండాలని మా నియామకపు ఉత్తర్వులో లేదు.

పెయింటర్ బకెట్ తెచ్చుకుని, తను రాసిందాని మీద తనే రెండు పూతలు సున్నం వేశాడు. గజపతులకీ ఈస్టిండియా కంపెనీకీ మధ్య రెండు మూరలు తెల్లబడ్డాయి. అప్పుడు ఒక్క సందేహం అడిగాడు.

"ఏటి సేయమంటారు సారూ? రెండు కొసలూ కలిపెయ్యాలా, కాళీ వొగ్గెయ్యాలా?"

ఖాళీగానే వదిలెయ్యమన్నాను. అదే నా పొరపాటు. పేరెంట్స్ మీటింగ్ నాటికి ఇరవై మూరల గోడలో ఆ రెండు మూరల దగ్గరే గుంపు. ఇక్కడేం ఉండేదని పోర్టులో క్రేన్ నడిపే ఒక తండ్రి నన్ను మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ ఫోనొచ్చినట్టు నటించాను.

కరస్పాండెంటుగారు మా ఇద్దర్నీ గదిలోకి పిలిచారు. కంపెనీని వెనక్కి జరిపి గజపతులకి ఆనించమన్నారు. పెయింటర్ గోళ్లలోని సున్నం గీక్కుంటూ నిలబడ్డాడు.

"తుడవమన్నారు, తుడిసేసినాను. కలపడం నా వల్ల కాదు బాబూ. అది నా సేతి కొలత. దానికి రెండొందలేళ్లు మింగడం రాదు."

ఆయన కూతురు ఈ బడిలోనే చదువుతున్న సంగతి కరస్పాండెంటుగారు గుర్తుచేశారు. గొంతు పెంచలేదు. పెయింటర్ నా వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండర్‌ని చాలా శ్రద్ధగా చదువుతున్నాను. ఆయన బకెట్ తీసుకుని వెళ్లిపోయాడు.

"మాస్టారూ, ఆ పిల్ల టీసీ రాయండి," అన్నారు కరస్పాండెంటుగారు.

మా బడిలో టీసీ రాయాల్సింది క్లాస్ టీచరే. ఫారం తెచ్చుకుని ఆయన ఎదుటే కూర్చున్నాను. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ రాశాను. నడవడిక: మంచిది. తర్వాతి గడి, బడి విడిచిపెట్టడానికి కారణం.

"కారణం ఏం రాయమంటారండీ?"

"మీకు తెలీదా?"

"తెలుసండి. కానీ కింద సంతకం మీది. మీరు చెప్పిన మాటే రాస్తాను."

ఆయన పెన్ను మూత తీశారు, పెట్టారు. మళ్లీ తీశారు. నా చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఎవరైనా అడిగితే వైజాగ్ ఉక్కపోత అని చెప్పేవాణ్ణి.

"ఫారం అక్కడ పెట్టి వెళ్లండి," అన్నారు చివరికి.

పెట్టలేదు. మడిచి అటెండెన్స్ రిజిస్టర్‌లో దూర్చి పట్టుకొచ్చేశాను. ఆయన వెనక్కి పిలుస్తారేమోనని మెట్లన్నీ దిగేదాకా చెవులు వెనక్కే ఉన్నాయి. పిలవలేదు.

మర్నాడు ఆ అమ్మాయి పేరు పిలిస్తే రెండో బెంచీ నుంచి జవాబొచ్చింది. ఈ జూన్‌లో తొమ్మిదికి వెళ్లింది. నన్ను మాత్రం మూడో తరగతికి మార్చారు. ఎందుకో వాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ పిల్లలకి చరిత్ర ఇంకా మొదలవలేదు.