బెణుకేనన్నాడు మాస్టారు

ఆ ఏడు కాలేజీ ఫుట్‌బాల్ జట్టు తొమ్మిది మ్యాచ్‌లు ఆడి తొమ్మిదీ ఓడిపోయింది. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. నాలుగో మ్యాచ్‌లో ఏం జరిగిందో మాత్రం కొన్నాళ్ళపాటు డ్రిల్లు మాస్టారొక్కడికే తెలుసు.

మాస్టారికి యాభై మూడేళ్ళు. కుర్రతనంలో బాగానే ఆడేవాడు. మోకాలు చెడ్డాక ఈల మెడలో వేసుకుని ఆ కాలేజీలో చేరాడు, ఇరవై రెండేళ్ళయింది. పిల్లల్లేరు. జట్టులో కుర్రాళ్ళని "మనవాళ్ళు" అనేవాడు. మీ మనవాళ్ళ మేజోళ్ళు మన బకెట్లో నానబెట్టకండని భార్య విసుక్కునేది. ఆవిడ ఆసుపత్రిలో నర్సు.

పాతవాళ్ళలో గట్టివాళ్ళు అయిదుగురు చదువులైపోయి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు తంతే బంతి గోలుకి తప్ప అన్నిటికీ తగిలేది. ఉన్నవాళ్ళలో ఆటగాడంటే గోల్‌కీపరొక్కడే. దర్జీ కొడుకు, నోట్లో నాలుక లేనివాడు. కిందటేడు వాడు నిలబడితే బంతి లోపలికి పోయేది కాదు, అందుకని తాళంకప్ప అని పేరు పెట్టారు. ఈ ఏడు తాళంచెవి అందరి దగ్గరా ఉందని ఎగతాళి చేశారు. ముందున్న పదిమందీ దారి వదిలేస్తుంటే వాడు మాత్రం ఏం చేస్తాడు?

మూడు మ్యాచ్‌లు పోయాక ప్రిన్సిపాల్ మాస్టారిని పిలిపించాడు. గెలవకపోయినా ఫర్వాలేదు, కనీసం ఒక్కటి సమానం చెయ్యమన్నాడు. లేకపోతే ఫుట్‌బాల్ ఎత్తేసి ఆ స్థలంలో కొత్త భవనం కట్టిస్తానన్నాడు.

నాలుగో మ్యాచ్‌లో కీపరు పక్కకి దూకి, కుడి అరచెయ్యి ఆనించి పడ్డాడు. మాస్టారు పరుగెత్తుకెళ్ళి, బొటనవేలి మొదట్లో మణికట్టు దగ్గరుండే చిన్న గుంటలో వేలితో నొక్కాడు. కుర్రాడు పెదవి కొరుక్కున్నాడు. మాస్టారి రోజుల్లో తోటి ఆటగాడొకడికి సరిగ్గా అక్కడే చిన్న ఎముక విరిగింది. పెద్దగా వాపు లేదు కదాని అశ్రద్ధ చేశాడు, చెయ్యి పాడైపోయింది. అంతా గుర్తుంది. రెండో గోల్‌కీపరు లేడన్నదీ గుర్తుంది.

"బెణుకేలే," అన్నాడు. "ఆడగలవా?"

"మీరు ఆడమంటే ఆడతాను సార్."

కట్టు బిగించి లోపలికి పంపాడు.

ఆ చేత్తోనే వాడు ఇంకో మూడు మ్యాచ్‌లు ఆడాడు. ప్రతిసారీ కట్టు మాస్టారే కట్టాడు, తేలు కుట్టిన దొంగలా. ఈ ఒక్కటీ గట్టెక్కితే డాక్టరు దగ్గరికి తీసుకెళదామని ప్రతిసారీ అనుకున్నాడు. ఏడో మ్యాచ్‌లో నిజంగానే గట్టెక్కేలా కనిపించారు. చెరో గోలు, ఇంకో రెండు నిమిషాలే ఉంది. చిన్నపిల్లలు కూడా పట్టగలిగే బంతి ఒకటి మెల్లగా వచ్చింది. కీపరు పట్టాడు కూడా. కాని చేతిలో పట్టు లేదు, బంతి జారి గీత దాటింది.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చేతకాక చేతికట్టు చూపిస్తున్నాడని జట్టువాళ్ళు వాడి ముఖం మీదే అన్నారు. వాడు తలదించుకుని బూట్ల తాళ్ళు విప్పుకున్నాడు. మాస్టారు అక్కడే ఉన్నాడు, విన్నాడు, నోరు మెదపలేదు. తరవాత తరవాత ఆయన్ని అన్నిటికన్నా ఎక్కువగా తినేసింది ఆ నిమిషమే.

ఆదివారంనాడు కుర్రాడు జెర్సీల మూట ఇవ్వడానికి మాస్టారింటికి వచ్చాడు. మాస్టారి భార్య మంచినీళ్ళిస్తే ఎడంచేత్తో అందుకున్నాడు. ఆవిడ వాణ్ణి కూర్చోబెట్టి కట్టు విప్పింది, అదే గుంటలో నొక్కింది. లేచి లోపలి గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

"నాలుగు వారాలయిందట. ఎవరు చూశారు?"

"నేనే."

"విరిగిందని మీకు తెలుసా?"

అబద్ధమాడొచ్చు. మాస్టారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "తెలుసు," అన్నాడు.

ఆవిడ చెప్పులేసుకుని కుర్రాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. విరిగిన ముక్కకి రక్తం అందక ఎముక ఎండిపోతోందట. ఆపరేషన్ చేసి స్క్రూ బిగించారు. మొదటి వారంలో వచ్చుంటే పిండికట్టుతో పోయేదని, ఇక ఆ మణికట్టు పూర్తిగా వంగదని డాక్టరు చెప్పాడు.

ఆపరేషనయిన మర్నాడు మాస్టారు దర్జీ కొట్టుకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని ఆయనకీ తెలుసు. దర్జీ మిషను ఆపాడు కాని కుట్టు మీంచి తలెత్తలేదు.

"మీరు బెణుకన్నారని మేమూ బెణుకేననుకున్నాం సార్. రోజూ వాళ్ళమ్మ వేడినీళ్ళ కాపడం పెట్టింది." గుడ్డని వేళ్ళతో సాపుచేశాడు. "మీరిక వెళ్ళండి. వాణ్ణి ఇవాళే ఇంటికి పంపుతున్నారు. మిమ్మల్ని చూస్తే మళ్ళీ ఆడతానంటాడు."

మిగిలిన రెండు మ్యాచ్‌లకీ వెనకవరసవాణ్ణొకణ్ణి గోల్లో నిలబెట్టారు. ఒకదాన్లో ఆరు, ఇంకోదాన్లో ఎనిమిది పడ్డాయి. మాస్టారు తను చేసింది కాగితం మీద రాసి ప్రిన్సిపాల్‌కి ఇచ్చాడు. ఆయన చదివి, ఇలాంటివి రాతలో ఉండకూడదని సొరుగులో పడేశాడు. నెల తిరక్కుండా మైదానంలో పునాదులు తవ్వారు. మాస్టారిని ఆఫీసులో హాజరు పుస్తకాల దగ్గర కూర్చోబెట్టారు. ఇంట్లో భార్య కొన్నాళ్ళకి మళ్ళీ మాట్లాడింది, మునుపటిలా మాత్రం కాదు.

ఏడాది చివరి పరీక్షల్లో మాస్టారికి కాపలా పడ్డ గదిలోనే కుర్రాడూ ఉన్నాడు. మణికట్టు కదలక భుజం దగ్గర్నుంచి చెయ్యంతా జరుపుతూ రాస్తున్నాడు. పేజీ అయినప్పుడల్లా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఆగుతున్నాడు. మూడు గంటలూ మాస్టారు ఆ వరస వైపు వెళ్ళలేదు.

గంట కొట్టారు. ఆయన అవతలి చివర మొదలుపెట్టి, ఎంత నెమ్మదిగా వీలైతే అంత నెమ్మదిగా కాగితాలు తీసుకుంటూ వచ్చాడు. వాడి బల్ల చేరేసరికి వాడింకా రాస్తూనే ఉన్నాడు. మాస్టారు నిలబడ్డాడు. గుమ్మంలోంచి ఇంకో పర్యవేక్షకుడు చూస్తున్నాడు.

"ఇచ్చెయ్యి నాయనా. టైమైపోయింది."

"రెండు ప్రశ్నలు మిగిలిపోయాయి సార్," అన్నాడు కుర్రాడు. నిష్ఠూరంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టే అన్నాడు.

మాస్టారు కాగితాలు తీసుకుని కట్టలో పెట్టి, దారం ముడేశాడు.