తోడి గాంధారం, లిఫ్టు గంట

గాంధారం ఒక్కటీ వాయించమన్నాడు. ముందూ వెనకా ఏ స్వరమూ లేకుండా, ఊపు లేకుండా, కర్రలా నిటారుగా. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇది మణికొండలో, ఒక అపార్ట్‌మెంట్‌లో గోడలకు స్పాంజి అతికించి స్టూడియో చేసుకున్న గదిలో జరిగింది. నేను హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఎవరో రాసిన ప్రోగ్రాంలో తప్పులు పట్టి, వాళ్ళ చేత చీవాట్లు తినడం నా ఉద్యోగం. అది పొట్ట కోసం. వీణ నా కోసం. ఆఫీసు ఫంక్షన్‌లో నేను వాయించిన వీడియో ఎలా తిరిగిందో ఏమో, ఒక కుర్ర సంగీత దర్శకుడి కంట పడింది. అతనికి అది మొదటి సినిమా. వీణనీ, కంప్యూటర్లో పుట్టించిన ఎలక్ట్రానిక్ శబ్దాల్నీ కలిపి సినిమా మొత్తానికి సంగీతం చేస్తున్నానని, రమ్మని ఫోన్ చేశాడు.

ఎగిరి గంతేశాను. నాకా శబ్దాలంటే ప్రాణం. ఆఫీసులో హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే రోజంతా అవే. కడుపులో దడ పుట్టించేలా అడుగున గుమ్మనే ఆ బేస్ మీద తోడి రాగం వాయిస్తే ఎలా ఉంటుందా అని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను. సంప్రదాయం మైలపడిపోతుందని ఎవరన్నా అంటే నాకు నవ్వొస్తుంది.

ఆ మాటన్నా నాకు నవ్వు రాని మనిషి ఒక్కరే, మా టీచర్‌గారు. కొత్తగూడ ఫ్లైఓవర్ పక్కన ఫ్లాట్‌లో ఉంటారు. డెబ్బై దాటాయి. నాకు వీణ పట్టుకోవడం దగ్గర్నుంచి తోడి దాకా నేర్పింది ఆవిడే.

“సినిమాకా? ఆ డబడబల మధ్యనా?”

“అవునండి.”

“అయితే ఇక నా గడప తొక్కకు.”

“శనివారం రికార్డింగండి. సోమవారం క్లాసుకి వచ్చేస్తాను.”

“రా. తలుపు తీస్తే కదా!” అన్నారు.

ఆవిణ్ణి వదులుకోవడం నాకు చేతకాదు. ఆ బేస్ మీద తోడి వినాలన్న కోరిక వదులుకోవడం అంతకన్నా చేతకాదు. నాకు రెండూ కావాలి. ఎందుకు కాకూడదో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. అందుకే శనివారం పొద్దున్నే వీణని కారు వెనక సీట్లో పడుకోబెట్టి మణికొండ వెళ్ళాను.

ఆ కుర్రాడు మర్యాదస్తుడే. వీణ తనే మోశాడు, చాయ్ తెప్పించాడు. తర్వాత నా చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, తను చేసిన బేస్ కాసేపు వినిపించి, టక్‌టక్‌మని కొట్టే గడియారం లాంటిది పెట్టాడు.

“ఒక్కొక్క స్వరం జర సాఫ్‌గ వాయించుండ్రి మేడం. కంప్యూటర్ల దాసిపెట్టుకుంట. తర్వాత కీబోర్డు మీద ఏ ట్యూన్ కావాల్నంటే గా ట్యూన్ కట్టుకోవచ్చు.”

స వాయించాను. ప వాయించాను. అవి కదలని స్వరాలు, ఫరవాలేదు. తర్వాత ఇదిగో, ఈ గాంధారం.

“ఏ రాగంలో గాంధారం?”

“ఏ రాగమైనా ఫరక్ పడదు మేడం. ఉత్త గ.”

ఉత్త గ అట! తోడిలో గాంధారం ఒకచోట నిలబడదు. మెట్టు మీద తీగని పక్కకి లాగుతూ వదులుతూ ఉంటే, కింద రిషభానికీ పైన మధ్యమానికీ మధ్య ఊగుతూ పుడుతుంది. ఊపు ఆపేశామా, అది డోర్‌బెల్. నోటితో చెప్పి లాభం లేదని వాయించి చూపించాను. అతను కంప్యూటర్ తెర చూపించాడు. నా గాంధారం గీత వంకర్లు తిరుగుతోంది.

“గిట్ల ఊగితే కీబోర్డు మీద కూసోదు. ఫికర్ చెయ్యకుండ్రి, సెట్ చేస్త” అని ఏదో నొక్కాడు. వంకర్లన్నీ పోయి గీత సాపైంది. మళ్ళీ వినిపించాడు. వీణ నాదే. నా చెయ్యి మాత్రం అందులో లేదు.

“చంపేశావు కదయ్యా!” అని అరిచాను.

“పిచ్ కరెక్ట్ చేసిన మేడం.”

“తప్పయితే కదా దిద్దడానికి? తప్పులు పట్టడమే బాబూ నా ఉద్యోగం. ఏది తప్పో నాకు తెలీదా?”

అతను కాస్త ఇబ్బందిగా చూశాడు. “గట్ల కాదు మేడం. స్వరాలన్ని మా తాన ఉంటే, ఇగ మల్ల మల్ల ఎవర్నీ పిలిచే పని ఉండదు గద.”

పాపం, దాచకుండా చెప్పేశాడు. అందుకే ఇంకా మండింది. వీణ వాయించేవాళ్ళెవరూ అక్కర్లేకుండా చేసే పని, నా చేత్తోనే చేయిస్తున్నాడు. స, ప కూడా నా ఎదురుగా చెరిపెయ్యమన్నాను. చెరిపేదాకా కుర్చీలోంచి లేవలేదు. తెల్లాపూర్ ఇంటికి వచ్చేదాకా కారులో ఏడుస్తూనే ఉన్నాను. వెళ్ళినందుకు కాదు. దిక్కుమాలిన బేస్, అంత బాగుంది!

సోమవారం సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా వీణతో సహా కొత్తగూడ వెళ్ళి బెల్లు కొట్టాను. లోపల పిల్లలు సరళీ స్వరాలు వాయిస్తున్నారు. తలుపుకున్న చిన్న అద్దంలో టీచర్‌గారి కన్ను కనిపించింది.

“అయిందా నీ సినిమా?”

“కుదరలేదండి. స్వరాలు విడగొట్టి ఇమ్మన్నారు. ఇవ్వనని వచ్చేశాను.”

“బుద్ధొచ్చిందన్నమాట.”

అవునంటే తలుపు తెరుచుకునేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. “లేదండి. రాగాన్ని రాగంలా అడిగితే మళ్ళీ వెళ్తాను” అన్నాను.

తలుపు తెరుచుకోలేదు. సరే, తీయకపోతే మానెయ్యండి! చెప్పుల స్టాండు పక్కనే చున్నీ పరిచి, వీణ ఒళ్ళోకి తీసుకున్నాను. ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి స్టాండు మీద పెట్టి, తోడి మొదలుపెట్టాను. లిఫ్టు టింగుమని తెరుచుకుంది. చెత్త డబ్బాతో దిగిన ఎదురింటాయన అలాగే నిలబడిపోయాడు. నాకేం సిగ్గు! కానీ కోపం మీదున్నానేమో, గాంధారం దగ్గర చెయ్యి పరుగెత్తింది.

“అప్పుడే వదిలేస్తావేమే? ఉండు, అక్కడే ఉండు!” తలుపు వెనక నుంచి కేక.

ఉన్నాను. తీగ లాగి, వదిలి, మళ్ళీ లాగి, ఊపిరి కుదుటపడేదాకా దాని మీదే ఉన్నాను. ముగించాక కూడా తలుపు తెరుచుకోలేదు. అక్కడే కూర్చుని ఆ రికార్డింగ్‌ని సంగీత దర్శకుడికి పంపించాను. “ముక్కలు చెయ్యకుండా వాడగలిగితే వాడు. లేకపోతే చెరిపెయ్” అని కింద రాశాను.

మర్నాడు నేను మీటింగ్‌లో ఉండగా ఫోన్ చేశాడు. బయటికొచ్చి ఎత్తాను.

“మేడం, పొద్దుగాల్నుంచి దీన్తోనే ఉన్న! టక్‌టక్ బంద్ చేసిన. మీ వీణ యాడ ఊగితే నా బేస్ గాడ ఊగుతది. లిఫ్టు టింగ్ కూడ ఉంచిన, మస్తుగున్నది. ఒక్కటే పరేషాన్. నడుమల ఒక పెద్దమ్మ తిడతది. ఆమె తిట్టినంకనే వీణ అసలు పలుకుతది. తీసేస్తే సప్పగ ఐతంది. ఉంచాల్నా?”

ఆ సాయంత్రం మళ్ళీ అదే తలుపు ముందు నిలబడ్డాను. “టీచర్‌గారూ, మీ తిట్టు సినిమాలో పెడతారట. మీరు ఒప్పుకుంటేనే” అని, అతను పంపిన పాటని ఫోన్‌లో పూర్తి సౌండ్‌తో తలుపుకి ఆనించాను.

తోడి వచ్చింది. లిఫ్టు గంట వచ్చింది. ఉండు, అక్కడే ఉండు అన్న కేక వచ్చింది. దాని వెనకే నా గాంధారం, దాని కింద బేస్, రెండూ కలిసి ఊగుతూ వచ్చాయి. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాట అయిపోయింది. గొలుసు తీసిన చప్పుడైంది.

“గాంధారాన్ని సాపు చెయ్యలేదుగా?” తలుపు సందులోంచి అడిగారు.

“లేదండి.”

“ఆ కింద గుమ్మంటున్నది, నువ్వు దాని వెంట వెళ్ళావా? అదే నీ వెంట వచ్చిందా?”

“అదే వచ్చిందండి.”

“సరే, ఉంచుకోమను.”

“నేను సినిమాలు మాననండి” అన్నాను, ముందే చెప్పడం మంచిదని.

“నిన్నెవరు మానమన్నారే? లోపలికొచ్చి కూర్చో. నువ్వు వాయించిన ఆ నిషాదం వినలేక చచ్చాను” అన్నారు టీచర్‌గారు, తలుపు బార్లా తీసి.