జేబు తట్టే చెయ్యి

పటాన్‌చెరులో మా పాత పక్కింటి అన్న పోయాడని మొన్న పొద్దున కబురొచ్చింది. ఏమై పోయాడని అడగబోయి ఆగిపోయాను. ఆ జవాబంటే నాకు ఏళ్లుగా భయం.

కోస్తా నుంచి వచ్చి మేం అక్కడ అద్దెకు దిగిన రోజే నన్ను చెల్లెను చేసుకున్నాడు. దాంతో మా ఆయన బావ అయిపోయి జీవితమంతా వేళాకోళాలు పడ్డారు. ఇద్దరిదీ పంపులు చేసే ఒకే ఫ్యాక్టరీ. ఎప్పుడో చేసిచ్చిన పంపులు దూరాన ఒక అణువిద్యుత్ కేంద్రంలో ముసలివైపోయాయి. అవి కారినప్పుడల్లా వీళ్లే వెళ్లాలి. అక్కడ కంటికి కనబడని కిరణాలు ఒంటికి తగులుతాయట. కనబడితే పక్కకైనా తప్పుకోవచ్చు కదా! మా ఆయన తిరిగొచ్చేదాకా నాకు అన్నం సహించేది కాదు.

లోపలికెళ్లేవాళ్లు జేబుకు ఒక బిళ్ల పెట్టుకోవాలి. ఒంటికెంత తగిలిందో, అన్న మాటలో చెప్పాలంటే పెయ్యికెంత తగిలిందో, అది చెబుతుంది. హద్దు దాటితే ఇక పనిలోకి రానివ్వరు. జట్టుకు పెద్ద అన్నే. బిళ్ల ఉందో లేదోనని గుమ్మం దగ్గర ఒక్కొక్కరి జేబూ తట్టి లోపలికి పంపేవాడు. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. ఒక పెళ్లిలో పెళ్లికొడుకు జేబు కూడా తట్టాడు!

"భయమైతుందా చెల్లె? మంచిదే. భయం లేనోన్ని నేనే లోపలికి రానియ్య" అనేవాడు.

ఒకసారి పంపు విప్పితే లోపల అనుకున్నదానికన్నా ఎక్కువ అరిగిపోయి ఉందట. హద్దు దగ్గరపడుతోంది, పని తెమల్లేదు. మా ఆయన మధ్యలో బయటికొచ్చి, బిళ్ల మేకుకు తగిలించి మళ్లీ లోపలికెళ్లారు. లోపలున్న అన్న చెయ్యి వేసి చూస్తే జేబు బోసిగా ఉంది.

"గింత అక్కల్ లేదా బావా? బిళ్లను మోసం చేస్తవ్, పెయ్యినెట్ల మోసం చేస్తవ్? నడువ్ బయటికి!"

మిగిలిన పని అన్నే చేశాడు, బిళ్ల పెట్టుకునే. తనకు తగిలింది హద్దులోనే ఉందని చెప్పాడు.

చెప్పాడు, అంతే. నా పెనిమిటికి తగలాల్సింది అన్నకు తగిలిందేమోనన్న దిగులు నన్ను వదల్లేదు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారికి మా ఆయన కోసం మొక్కబోయి, అన్న పేరే ముందు చెప్పాను. పక్కింట్లో అన్న దగ్గితే మా ఇంట్లో నేను ఉలిక్కిపడేదాన్ని.

మొన్న వెళ్లగానే వదిన నా చెయ్యి పట్టుకుంది. "నిద్రలనే పోయిండు. గుండె ఆగిందన్నరు. ముసలితనమే చెల్లె, ఇంకేం లేదు."

నమ్మాలనే ఉంది. బావురుమని ఏడ్చాను.

అన్నకు కొత్త తెల్లచొక్కా తొడిగారు. పాడె మీదికి ఎత్తబోతుంటే మా ఆయన "జెర ఆగుండ్రి" అన్నారు, అచ్చం అన్న యాసలోనే. వంగి, ఆ ఖాళీ జేబు మీద మెల్లగా తట్టారు.